గోడ మీది ధోకా

సోలాపూర్ కొంతం చౌక్ వెనక సందుల్లో ఈ వారం చద్దర్లకు ఏ రంగు పడుతోందో తెలుసుకోవాలంటే మగ్గాల దాకా పోనక్కర్లేదు, కుక్కని చూస్తే చాలు. పెంటప్ప రంగుల కార్ఖానా మూల మీద పడుకుని లేచే తెల్లకుక్క ఒక వారం చిలకపచ్చగా, ఇంకో వారం వంకాయ రంగుగా సందంతా తిరిగేది. పక్క సందు కుక్కలు దాన్ని తమలో కలుపుకోక మొరిగి తరిమేవి. అది మళ్ళీ వచ్చి అదే మూల మీద, అదే మెత్తటి రంగు మడ్డిలో మహారాణిలా పడుకునేది.

ఆ మూల పెంటప్పదే. కానీ ఆ మూలకు ఆనుకున్న గోడ యమునాబాయిది. నూలుకు రంగులద్దాక తొట్ల అడుగున మిగిలే మడ్డి, మందులొచ్చిన ఖాళీ పీపాలు, చిరిగిన కాస్టిక్ సంచులు అన్నీ ఆ గోడ పక్కనే కుప్పపడేవి. ఎండాకాలం ఆ కుప్ప కుళ్ళిన కోడిగుడ్ల వాసన వేసేది. వానాకాలం దాని మీది నుంచి రంగురంగుల నీళ్ళు యమునాబాయి గుమ్మం ముందుగా పారేవి. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆమె ఆ వాసనలోనే వండింది, ఆ వాసనలోనే తిన్నది. సిరిసిల్లలో బండెక్కినప్పుడు యమునవ్వగా ఉన్న మనిషి సోలాపూర్‌లో దిగేసరికి యమునాబాయి అయిపోయింది. పేరే మారిపోయినప్పుడు ముక్కు మారడం ఎంతసేపు?

యమునాబాయికి దిగులు పడటానికి కారణం అక్కర్లేదు. కొడుకు పురుషోత్తం మగ్గం ఆపి చాయకు పోయి కాస్త ఆలస్యం చేస్తే, వాడు సిటీబస్సు కింద పడ్డాడనే అనుకునేది. కోడలు సుమన్ బీడీలు అప్పజెప్పడానికి పోతే వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేది. మనవాళ్ళు ఇల్లు కదిలేటప్పుడు "పోత" అనరు, "పోయొస్త" అంటారు. ఆ "వస్త" అనే ముక్కను నమ్ముకుని ఆమె చాలామందిని సాగనంపింది. భర్త నర్సప్ప కూడా ఆసుపత్రికి పోయేనాడు "పోయొస్త" అనే అన్నాడు. అప్పటి నుంచి ఎవరైనా ఆ మాట అంటే, ఆమె చెవికి మొదటి సగమే గట్టిగా వినబడేది.

అలాంటి మనిషికి తొంభై ఒకటో సంవత్సరం చలికాలంలో ఒక మంచి కబురు వచ్చింది. చెల్లెలు గంగమ్మ వస్తోంది. గంగమ్మ మొగుడు పోయి ఏడాది దాటింది. కొడుకు భివండిలో మగ్గాలు నడుపుతూ అక్కడికి రమ్మంటున్నాడు. హైదరాబాదు నుంచి పోయే రైలు ఎలాగూ సోలాపూర్ మీదుగానే పోతుంది కాబట్టి నాలుగొద్దులు దిగి, అక్క దగ్గర మనసు కుదిరితే ఇక్కడే ఉండిపోతుంది, కుదరకపోతే భివండి పోతుంది. కబురు అంతే. ఇంకెవరైనా అయితే సంతోషపడి ఊరుకునేవారు. యమునాబాయి మాత్రం "కుదరకపోతే" అన్న మాటను పట్టుకుని వారం రోజులు సరిగ్గా తినలేదు. ఇల్లంతా కడిగించింది. గోడలకు సున్నం వేయించింది. చెల్లెలి సామాను కోసం గోడలో గూడు ఒకటి ఖాళీ చేసిపెట్టింది.

సున్నం వేస్తే చుట్టం వస్తుందనుకుంది. ముందు పెయింటరు వచ్చాడు.

గంగమ్మ దిగవలసిన రోజు పొద్దున సందులోకి జీపు వచ్చి ఆగింది. అందులోంచి కళ్ళద్దాల సాహెబు ఒకాయన, ఆయన వెనకే అక్షరాలు కత్తిరించిన రేకులు పట్టుకున్న పెయింటరు దిగారు. ప్రమాదకరమైన చెత్త గురించి దిల్లీలో కొత్త కాయిదా, అంటే చట్టం, పుట్టి రెండేళ్ళయింది. అది మెల్లగా నడుచుకుంటూ బొంబాయి మీదుగా సోలాపూర్ చేరి, చివరికి పెంటప్ప మూల దగ్గర ఆగింది. ఆ కాయిదా ప్రకారం విషపు చెత్తను మామూలు చెత్తలో కలపకూడదు. విడిగా ఉంచాలి, కప్పి పెట్టాలి, అదేమిటో పైన రాయాలి. ఆ తర్వాత సర్కారు చూపించిన జాగాకు తీసుకుపోయి పూడ్చాలి. ఆ జాగా ఏదో సర్కారుకే ఇంకా తెలియలేదు. అందుకని ముందు అయ్యే పని చూద్దామని రాయడం దగ్గర మొదలుపెట్టారు.

"సాహెబ్, గిది జహరు కాదు, ఉత్త రంగు!" అని పెంటప్ప చేతులు చాపాడు. "చూడుండ్రి, ఎన్నేండ్ల సంది గిండ్ల ముంచుతున్న! నాకేమైంది?"

సాహెబు చూశాడు. మోచేతుల దాకా నీలం. గోళ్ళు మాత్రం గులాబీ రంగు. "ఏం కాలేదని నువ్వే అనాలి," అన్నాడు మరాఠీలో.

పెంటప్ప వైపు ఉన్నది తుప్పు పట్టిన గరుకు రేకు. దాని మీద రంగు నిలవదు. పెయింటరు అటూ ఇటూ చూశాడు. పక్కనే యమునాబాయి గోడ పాలలా మెరుస్తోంది.

"సాహెబ్, కచరా ఆయనది, గోడ నాది!" అంటూ యమునాబాయి అడ్డం వచ్చింది. "ఆయన రేకు మీద రాయి. రంగు నిలవకపోతె ఆయన నెత్తి మీద రాయి."

"ఆజీ, రాత దూరం నుంచి కనిపించాలి. కాయిదాలో అలా ఉంది."

"ఇయ్యాల మా చెల్లె వస్తున్నదయ్యా!"

"మంచిదేగా. ఆమెకూ కనిపిస్తుంది."

పెయింటరు రేకులు ఆనించి ఎర్ర రంగు కొట్టాడు. పైన ఒక వరసలో "ధోకాదాయక్". మధ్యలో ఒక పుర్రె, రెండు ఎముకలు, వాటి పక్కన "కచరా". కింద పెద్దగా "దూర్ రహా". యమునాబాయి తనంతట తాను నేర్చుకుని పురాణాలు చదివిన మనిషే కానీ, అది తెలుగు చదువు. మరాఠీ గలగలా మాట్లాడుతుంది, ఆ అక్షరాలు మాత్రం రావు. ఏం రాశావని అడిగితే పెయింటరు చదివి వినిపించాడు. మరాఠీలో ధోకా అంటే ప్రమాదం. ప్రమాదకరమైన చెత్త, దూరంగా ఉండండి అని అర్థం. దానికి ఆమె పెద్దగా బాధపడలేదు. పుర్రెను చూసే ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. ఎన్నో ఏళ్ళకు వస్తున్న చెల్లెలికి గుమ్మంలో ముందుగా పుర్రె ఎదురైతే, అది శకునమనుకుని అటు నుంచి అటే భివండి పోదూ?

జీపు పోగానే ఆమె రెండు మేకులు కొట్టి గోడకు అడ్డంగా తాడు కట్టింది. పురుషోత్తం మగ్గం మీద దిగిన నెమలి బొమ్మల చద్దరును మడత పెట్టి దాని మీద వేసింది. పుర్రె కనబడకుండా పోయింది.

"అత్తమ్మా, మీద, కింద అక్షరాలు కనబడుతున్నయి," అంది సుమన్.

"కనబడనీ. అక్షరాలు ఏం జేస్తయే?"

సాయంత్రం ఆటో దిగిన గంగమ్మ రేకు పెట్టె కింద పెట్టకముందే అక్కను కావలించుకుంది. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ ముక్కు చీదారు, తర్వాత ఒకరినొకరు తేరిపార చూసుకున్నారు.

"ఏందే గంగీ, గిట్ల ఎండిపోయినవ్?"

"నువ్వు ఉబ్బినవ్ గద. ఇద్దర్ని కలిపి పంచితే సరిపోతది."

సుమన్ చెంబుతో నీళ్ళిచ్చి, "చిన్నత్తమ్మా, ముందుగాల నీళ్ళు తాగుండ్రి, మంగ చాయ పెడ్త," అంది.

గంగమ్మ లోపలికి తొంగి చూసింది. "మంగ ఎవలే? మీ పనిమనిషా?"

"మంగ అంటే 'ఇగ' అని చెల్లె. మరాఠీ మాట."

"ఓ యమ్మ! నేను మంగ వచ్చి చాయ పెడ్తదనుకున్న!"

ఆ నవ్వుతో యమునాబాయికి సగం దిగులు తీరింది. గంగమ్మ గూట్లో తన అద్దం, దువ్వెన పెట్టింది. పెట్టె మాత్రం విప్పలేదు. యమునాబాయి అది గమనించింది. "ఉండిపోవే" అని నోరు తెరిచి అడగలేక ఆ మాటను రకరకాలుగా వడ్డించింది. జొన్నరొట్టె మీద రొట్టె వేసింది. బీడీ ఆకు ఇక్కడ ఎంత మెత్తగా ఉంటుందో చెప్పింది. సందులో సగంమంది కరీంనగరం వైపు వాళ్ళేననీ, మాటకు మాట దొరుకుతుందనీ చెప్పింది. గంగమ్మ తన గొప్ప తను చెప్పుకుంది. సిరిసిల్లలో వాళ్ళ పక్కింటి హిందీ పంతులు వసారాలో పాఠాలు చెబుతుంటే, ఇటు అరుగు మీద బీడీలు చుట్టుకుంటూ చెవిన వేసుకుని అక్షరాలు నేర్చుకుందట.

"ఇగో అక్కా, రైలు దిగినకాడ్నుంచి దార్లున్న బోర్డులన్నీ హిందీ అక్షరాలేనాయె, సదువుకుంటనే వచ్చిన. ఒక్కటి ఇడ్వలే."

"అబ్బో, నాకంటె నయం!" అని యమునాబాయి మురిసిపోయింది.

మర్నాడు పొద్దున గంగమ్మ వేపపుల్ల నములుతూ గోడ ముందు నిలబడటం యమునాబాయి పొయ్యి దగ్గర్నుంచి చూసింది. చెల్లెలి పెదవులు కదులుతున్నాయి. వేలు గాలిలో గీతలు గీస్తోంది. మొదట పై వరస మీద, తర్వాత కింది వరస మీద. ఉన్నట్టుండి వేలు ఆగిపోయింది. గంగమ్మ వేపపుల్ల ఉమ్మేసి లోపలికి వచ్చింది. ముఖం తలుపు మూసినట్టు మూసుకుపోయింది.

"చాయ తాగు చెల్లె."

"వద్దు."

"రొట్టె?"

"వద్దు. భివండికి బండి ఎప్పుడున్నది?"

యమునాబాయి పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. రాత్రి నుంచి జరిగినదంతా మనసులో ఒకసారి తిరగేసింది. ఒక్కొక్క తప్పూ ఏరి చెల్లెలి ముందు పెట్టింది. "బొంత పాతదా? కూరల కారం ఎక్కువైందా? వాసన పడుతలేదా? వాసన నాలుగొద్దులే ఉంటది గంగీ, మల్ల తెల్వది. బావ ఫోటో కాడ కూసోబెట్టిన్నా? ఏమైంది చెప్పవే!"

బావ అన్న మాట వినగానే గంగమ్మ భగ్గుమంది.

"నన్ను తిట్టాల్నంటె మొఖం మీద తిట్టరాదు అక్కా? గోడకు సున్నమేపిచ్చి, ఎర్ర రంగు తోటి రాపియ్యాల్నా? ఊరంత సదవాల్నా?"

"ఏం రాపిచ్చిన్నే?"

"నాకు సదువు రాదనుకున్నవ్ గద! ధోకాదాయక్, దూర్ రహా. ధోకా ఇచ్చినోళ్ళు దూరం ఉండిపోయిండ్రని! బావ పోయినప్పుడు రాలేదని గద? నిజమే, రాలే. కోడలు కాన్పు నొప్పులు పడుతుంటె యాడ ఇడిసిపెట్టి రావాలె? గా పిల్ల అరుపులు నీకేం ఎర్క? ఎనిమిదేండ్ల సంది నా కడుపుల ముల్లు లెక్క ఉన్నది గా మాట. నువ్వు గోడ మీద పెట్టినవ్!" గంగమ్మ ఊపిరి తీసుకుంది. కోపంలో కూడా ఆమెకు పంతులు పాఠం గుర్తుకొచ్చింది. "ఇంకోటి చెప్పాల్నా? తిట్టుడు గూడ సక్కగ తిట్టలే. మొగోడైతె 'రహా', ఆడదైతె 'రహీ'. జర హిందీ వచ్చినోని తోటన్న రాపియ్యకపోతివా?"

తెలంగాణలో ధోకా అంటే మోసం. ఆ సంగతి యమునాబాయికి అప్పుడు తట్టింది. పుట్టింట్లో తనూ ఆ మాటను అలాగే వాడిందిగా! ఇన్నేళ్ళ మరాఠీలో నానిపోయి మర్చిపోయింది. భయంతోనో, ఆ భయం తేలిపోయినందుకో ఆమెకు నవ్వు వచ్చింది. రాకూడని చోట వచ్చే నవ్వు అది, ఆపితే ఆగదు.

"నవ్వు, మంచిగ నవ్వు!" అంది గంగమ్మ.

"అయ్యో, నీ గురించి కాదే పిచ్చిదానా! రా, చూపిస్త!" యమునాబాయి చెల్లెల్ని బయటికి లాక్కొచ్చి, మధ్య మాట చూపిస్తే అంతా తేలిపోతుందని చద్దరు గుంజి పారేసింది.

పుర్రె బయటపడింది.

"అవ్వో!" గంగమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "పుర్రె గూడనా! నేను సచ్చేదాక గూడ ఆగవా అక్కా?"

"నువ్వు గాదే! పుర్రె కచరాది!"

"ఇగ కచరా గూడ నేనేనా! రాసే ఉన్నది గద మధ్యల!"

సుమన్ పరుగెత్తుకొచ్చింది. "చిన్నత్తమ్మా, మరాఠీల ధోకా అంటె మోసం కాదు, ప్రమాదం."

"నువ్వు ఆమె కోడలివి. అత్త ఎట్లంటె గట్లనే అంటవ్. బయటోళ్ళు చెప్పాలె."

బయటివాడు పక్కనే ఉన్నాడు. యమునాబాయి పెంటప్పను కేకేసింది. "పెంటప్పా! జర మా చెల్లెకు చెప్పు, నీ మడ్డి ప్రమాదమని!"

పెంటప్ప నీలం చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ ప్రశ్న విని రెండడుగులు వెనక్కి వేశాడు. "నా మడ్డిల ప్రమాదమా? ఎవలన్నరు వదినె? ఏం ప్రమాదం లేదు! నా నోటి తోటి నేనే ఒప్పుకుంటె రేపు సాహెబు గా మాటనే నా మెడకు కడ్తడు."

"ఇన్నవా?" అంది గంగమ్మ. "ఆయనే ప్రమాదం లేదంటుండు. ఇగ మిగిలింది ధోకానే."

యమునాబాయి ఓడిపోయే మనిషే కానీ ఆ పూట ఓడిపోదలచుకోలేదు. చెల్లెలి రెక్క పట్టుకుని కొంతం చౌక్ దాకా నడిపించింది. అక్కడ ఇనుప కంచె లోపల కరెంటు డబ్బా గుయ్యిమంటోంది. దానికి తగిలించిన రేకు మీద ఇలాంటి పుర్రే, దాని కింద ఒకే ఒక మాట.

"సదువు."

గంగమ్మ చదివింది. "ధోకా."

"మల్ల! కరెంటు డబ్బాకు గూడ నేనే రాపిచ్చిన్నా? కరెంటు మోసం జేస్తదా? చెప్పు!"

గంగమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "చెయ్యదా? అక్కా, నువ్వు సిరిసిల్ల ఇడిసి చాన దినాలైంది. పొద్దుగాల వస్త అంటది, రాదు. మగ్గానికి నూలెక్కిచ్చి కూసుంటె పోతది. ఇగ రాదని పండుకున్నంక వస్తది. కరెంటు అసుంటి ధోకాదారు లోకంల ఎవలున్నరు? గిక్కడోళ్ళు సరిగ్గనే రాసిండ్రు."

చౌక్‌లో చాయ తాగుతున్న మగ్గంవాళ్ళు ఇద్దరు "సబ్బాస్ అవ్వా! నిజం చెప్పినవ్!" అని అరిచారు. యమునాబాయి చెల్లెలి రెక్క వదిలేసి ఇంటిదారి పట్టింది.

ఇంటికి రాగానే గంగమ్మ గూట్లోంచి అద్దం, దువ్వెన తీసి పెట్టెలో వేసింది. పెట్టె మోసుకొచ్చి గోడ ముందు పెట్టి, ఆటో కోసం దాని మీదే కూర్చుంది.

"నేను పోత," అంది.

పోయొస్త అనలేదు. యమునాబాయి గుమ్మంలో కూలబడింది. ఇంతకాలం ఆ రెండో సగాన్ని నమ్మలేక ఏడ్చిన మనిషికి, అది లేకపోతే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. "గంగీ, నేను ఎన్నడన్న నిన్ను ఒక మాట అన్ననా?" అంది మెల్లగా. "నువ్వు రాలేదని బాధపడ్డ. అవద్దం చెప్ప. గని ధోకా అనుకోలే. దినమంత తొవ్వ చూసిన, గంతే."

గంగమ్మ తల తిప్పుకుంది, కానీ ఆటో వచ్చిందా అని సందు చివరికి చూడటం మానేసింది.

సందు చివర ఆటోకు బదులు జీపు ఆగింది. కళ్ళద్దాల సాహెబు మెడలో కెమెరా వేసుకుని దిగాడు. రాసిన రాతకు ఫోటో తీసి ఫైలులో పెట్టాలట. యమునాబాయి లేచి ఆయన కాళ్ళకు అడ్డం పడినంత పని చేసింది.

"సాహెబ్, నీకు పుణ్యముంటది! మా చెల్లె ఇది తననే తిట్టుడనుకుంటున్నది. ఆమెకు మరాఠీ రాదు. హిందీల చెప్పు!"

సాహెబుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, నవ్వు ఆపుకుంటూ హిందీలోకి దిగాడు. "నై మాజీ. ధోకా మత్‌లబ్ ఖత్రా. ఖతర్నాక్ కచరా. ఇస్ సే దూర్ రహో."

"ఖతర్నాకా?" గంగమ్మ పెట్టె మీది నుంచి లేచింది. ఆ మాట ఆమెకు బాగా తెలుసు. గోడకేసి చూసింది, సాహెబుకేసి చూసింది. "దూర్ రహో... అంటె 'రహా' కాదు, 'రహో'. మరాఠోళ్ళు రహోను రహా అంటరా?"

"హా."

"'హా' నెత్తి మీద ఒక్క గీత పెడితె 'హో' అయితుండె, ఎంత గోస తప్పుతుండె!" గంగమ్మ నుదురు కొట్టుకుంది. తర్వాత అక్కకేసి చూడలేక పెట్టె మీది దుమ్ము తుడిచింది. అది దులపకపోయినా నష్టం లేని దుమ్ము. "నవ్వకు," అంది.

"నవ్వుతలే," అంది యమునాబాయి నవ్వుతూ, ఏడుస్తూ.

అంతటితో కథ అయిపోవలసిందే. కానీ గంగమ్మకు ఒకసారి చదువు మొదలైతే మధ్యలో ఆపడం తెలియదు. మళ్ళీ గోడ చదివింది. మడ్డి కుప్పను చూసింది. గుమ్మం చూసింది. ఒక్కసారిగా సాహెబు మీదికి తిరిగింది. కొంత హిందీ, కొంత తెలుగు, ఏది ముందు దొరికితే అది.

"సాహెబ్, ఖతర్నాక్ అయితె ఇక్కడ ఎందుకున్నది?"

"అందుకే రాశాం కదా, దూరంగా ఉండమని."

"ఎవలిని? మా అక్క తలుపు ఇక్కడ. పొయ్యి ఇక్కడ. నీళ్ళ కుండ ఇక్కడ. ఆమె దూరం యాడికి పోవాలె? ఇంట్ల ఉన్నోళ్ళకు దూరం ఉండుమని చెప్పుడేంది? కచరాకు చెప్పు, నువ్వు దూరం ఉండు అని!"

సాహెబు చెడ్డవాడు కాదు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "నిజమే మాజీ. కానీ ఎత్తి ఎక్కడ వేయాలి? ఇక్కడ తీసి ఇంకో ఊరి గోడ పక్కన వేస్తే ఏం లాభం? జాగా చూస్తున్నాం. కాగితాలు పైకి పోయాయి. లవకరచ్ అవుతుంది."

"లవకరచ్ అంటె?" అని గంగమ్మ అక్కను అడిగింది.

"జల్దీనే అని."

"సర్కారు జల్దీ," అని సుమన్ గొణిగింది.

గంగమ్మ మళ్ళీ పెట్టె మీద కూర్చుంది. ఈసారి రెండు కాళ్ళూ మడిచి, కదలని మనిషిలా కూర్చుంది. "అయితె ఇను సాహెబ్. ఖతర్నాక్ దాని పక్క మా అక్కను ఒక్కదాన్ని ఇడిసి నేను భివండి పోను. గీ మడ్డి ఇక్కడ్నుంచి లేచిన్నాడే నేను లేస్త."

సాహెబు ఫోటో తీయాలన్నాడు, కాస్త జరగమన్నాడు. గంగమ్మ జరగలేదు. ఫోటోలో మనిషి ఉండకూడదని కాయిదాలో లేదు కాబట్టి ఆయన అలాగే తీశాడు. ఏదో ఆఫీసులో ఏదో ఫైలులో ఇప్పటికీ ఆ పుర్రె పక్కన గంగమ్మ ముఖం చిట్లించుకుని కూర్చుని ఉండాలి.

యమునాబాయి మెల్లగా సాహెబును జీపు దాకా సాగనంపింది. గొంతు తగ్గించి అడిగింది. "సాహెబ్, జాగా దొరుకుడు ఇంక ఎన్ని దినాలైతది?"

"త్వరలోనే, ఆజీ. దిగులు పడకండి."

"అంటె... ఏడాదన్న పడ్తదా?"

"ఎక్కువే పట్టొచ్చు," అన్నాడాయన సిగ్గుపడుతూ.

ఆమె ముఖం వెలిగిపోవడం చూసి ఆయన ఏమనుకున్నాడో తెలియదు. యమునాబాయి జీవితంలో ఇంత గట్టి హామీ ఎవరూ ఇవ్వలేదు. మనుషుల "వస్త"ను నమ్మలేకపోయింది కానీ, సర్కారు ఆలస్యాన్ని నమ్మకుండా ఎలా ఉంటుంది? ఆ సాయంత్రం దేవుడి ముందు దీపం పెట్టి, "తండ్రీ, ఆ జాగా నిమ్మళంగనే దొరకనీ," అని మొక్కింది. మొక్కగానే సుమన్ లోపల దగ్గింది. ఆ మడ్డి వాసనకు పిల్ల దగ్గుతూనే ఉంటుంది. యమునాబాయి రెండు చెంపలూ వేసుకుని, "తప్పైంది. జల్దీనే దొరకనీ," అని మార్చుకుంది. దీపం కొండెక్కేదాకా ఏది గట్టిగా మొక్కాలో తేల్చుకోలేకపోయింది.

గంగమ్మ మాత్రం సర్కారు కోసం ఆగలేదు. వారం తిరగకుండా పెంటప్ప చేత తాడిపత్రి, అంటే టార్పాలిన్ పట్టా, కొనిపించి మడ్డి మీద కప్పించింది. పీపాలను బోర్లా పెట్టించింది. గుమ్మం వైపు మట్టికట్ట పోయించి, రంగునీళ్ళు ఇంటి ముందు పారకుండా ఆపింది. పెంటప్ప మొదట సణిగాడు. "అవ్వా, సాహెబన్న నెలకొకసారి వస్తడు. నువ్వు రోజుకు మూడుసార్లు వస్తున్నవ్," అనేవాడు. "నీ చేతులు కడుక్కో ముందుగాల, అన్నం ఆ నీలం తోటే తింటవా?" అనేది గంగమ్మ. సందులోని ఆడవాళ్ళు ఆమెను ధోకాబాయి అని పిలవడం మొదలుపెట్టారు. ఆమె కూడా "ఓ" అని పలికేది. మడ్డిలో పడక లేకపోయేసరికి కుక్క మెల్లగా తెల్లబడింది. పక్క సందు కుక్కలు దాన్ని కొత్తగా వచ్చిందనుకుని మళ్ళీ మొరిగాయి.

గంగమ్మ ఆకు కత్తిరిస్తే యమునాబాయి బీడీలు చుట్టేది. ఒక ఎండాకాలం పోయింది, ఒక వానాకాలం పోయింది. భివండి నుంచి కొడుకు వచ్చి అడిగాడు. "మడ్డి లేవలేదురా ఇంక," అని గంగమ్మ గోడ చూపించింది. అతను పుర్రెను చూసి తల గోక్కుని, పండుగకు వస్తానని చెప్పి పోయాడు.

రెండో ఏడు చలికాలంలో ఒకనాడు నిజంగానే లారీ వచ్చింది. ఊరికి దూరంగా, గుంట తవ్వి అడుగున మందపాటి ప్లాస్టిక్ పరిచారని, అక్కడ పూడుస్తారని సాహెబు చెప్పాడు. గంగమ్మ ఆ గుంట పక్కన ఎవరి ఇల్లయినా ఉందా, బావి ఉందా అని నాలుగుసార్లు అడిగి, లేదని ఒట్టు వేయించుకున్నాక గాని లారీకి దారి ఇవ్వలేదు. కూలీలు పీపాలు ఎక్కించారు. మడ్డిని పారలతో ఎత్తారు. పెయింటరు గోడ మీది రాతను సున్నంతో చెరిపేశాడు. సందువాళ్ళు పెళ్ళి ఊరేగింపు చూసినట్టు చూశారు.

యమునాబాయి మాత్రం లోపలే ఉండిపోయింది. పార చప్పుడైనప్పుడల్లా ఎవరో తన ఇంట్లోంచి సామాను మోసుకుపోతున్నట్టు అనిపించింది. చివరికి లారీ పోయిన చప్పుడు విని, చెల్లెలి చీరలు తీసి ఒక్కొక్కటే మడత పెట్టసాగింది. సాగనంపడం ఆమెకు చేతనైన పని. ఎలాగూ తప్పనప్పుడు మడత అయినా సరిగ్గా ఉండాలి.

"అక్కా! ఓ అక్కా! జర ఇటు రా!"

బయటికి వెళ్ళేసరికి ఖాళీ అయిన మూలలో గంగమ్మ గొంతుకు కూర్చుని ఉంది. చేతిలో పుల్ల. నేలను గీకుతోంది. సాహెబు దూరంగా జీపు ఎక్కుతూ, "సాఫ్ ఝాలం, ఆజీ!" అని చేయి ఊపాడు.

"సాఫ్ అంటుండు గని, ఇటు చూడు." గంగమ్మ పుల్లతో కొంచెం లోతుగా తవ్వింది. "మీద మన్ను లెక్కనే ఉన్నది. కింద?"

యమునాబాయి వంగి చూసింది. ఆమె కళ్ళకు అంతా ఒకే మట్టిలా ఉంది.

"ఎర్రగ కనబడుతలేదా?" అంది గంగమ్మ. "ఇన్నేండ్లు కారింది గద. నేలలకు దిగింది. మడ్డి యాడ లేచింది అక్కా? మీదిదే లేచింది."

యమునాబాయి ఇంకా వంగింది. చెల్లెలు మట్టిని వేళ్ళ మధ్య నలిపి ఆమె అరచేతిలో పెట్టింది. తడి తగలగానే నిజంగానే ఎర్రటి మరక దిగింది. లేక ఎర్రది కావాలని ఆమె చూసినందుకు అలా కనిపించిందో.

"అవ్ గంగీ," అంది. "చాన ఉన్నది."

"ఎంత లోతుంటదంటవు?"

"ఎవలికెర్క? తవ్వి చూడాలె."

"రేపటి సంది తవ్వుదామా?"

"తొందరేమున్నదే? నిమ్మళంగ తవ్వుదాం," అంటూ యమునాబాయి చెల్లెలి భుజం పట్టుకుని లేచి, "సుమన్, చాయ పెట్టు!" అని లోపలికి కేకేసింది.